రాత్రిపూట అన్నం మానేసి చపాతీ తింటే బరువు తగ్గుతామా?

అన్నం బదులు చపాతీ తిన్నంత మాత్రాన తగ్గరు. రోజు మొత్తంలో తిన్న కేలరీలు ఒంటికి ఖర్చయ్యేవాటి కంటే తక్కువైతేనే తగ్గుతారు, అన్నం తింటున్నా సరే.

100 గ్రాముల బియ్యంలో సుమారు 350 కేలరీలుంటే, అంతే గోధుమపిండిలో సుమారు 340. చపాతీలో పీచు, ప్రోటీన్ కాస్త ఎక్కువ, నిజమే. కానీ అసలు లాభం లెక్కలో ఉంది. చపాతీలు రెండో మూడో అని తెలుస్తుంది. అన్నమైతే పప్పులోకి, గోంగూరలోకి, చివర పెరుగులోకి అంటూ మారు వడ్డించుకుంటూనే ఉంటాం.

విజయవాడలో ఒక ఇంటి రాత్రి భోజనమే తీసుకోండి. 30 గ్రాముల పిండితో చేసిన చపాతీ, నూనె లేకుండా కాలిస్తే సుమారు 100 కేలరీలు. పెనం మీద చిన్న చెంచా నూనె వేస్తే ఇంకో 45. అలాంటివి మూడు తింటే 435, బంగాళాదుంప కుర్మా కాకుండానే! అదే 200 గ్రాముల వండిన అన్నం 260 దాకా వస్తుంది. పక్కన దొండకాయ కూర, మజ్జిగ పెట్టుకున్నా ఇబ్బంది లేదు. పొద్దున్నే కృష్ణ ఒడ్డున గంటసేపు చురుగ్గా నడిస్తే 70 కిలోల మనిషికి దాదాపు 250 కేలరీలు ఖర్చవుతాయి.

అన్నం మానిన వారానికే రెండు కిలోలు తగ్గితే కొవ్వు కరిగిందనుకుంటారు. అందులో ఎక్కువ భాగం నీరే. పిండిపదార్థాలు తగ్గగానే ఒంట్లో గ్లైకోజెన్ రూపంలో నిల్వ ఉన్న చక్కెర, దాన్ని అంటిపెట్టుకున్న నీరు పోతాయి. మళ్లీ మామూలుగా తినగానే ఆ బరువు తిరిగొస్తుంది. షుగర్ మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్లు మాత్రం డాక్టర్‌ని అడగకుండా తిండి తగ్గించకండి, చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు.