కుక్కది గుండెజబ్బు కాదు, మత్తుమందు ప్రభావం

ప్రశ్న: మా కాపలా కుక్క (ఆడది, 8 ఏళ్లు, సుమారు 30 కిలోలు) కాలి గాయానికి జైలజిన్ అనే మత్తు సూది వేసి కుట్లు వేశారు. గుండె బాగా నెమ్మదించింది, చిగుళ్లు పాలిపోయాయి. గుండెజబ్బని మెడికల్ షాపులో ఎనలాప్రిల్ మాత్రలిచ్చారు. ఈసారి ముందే గుండె వేగం పెంచే అట్రోపిన్ వేయించమన్నారు. ఇప్పుడు చన్నుల దగ్గర గడ్డ తీయాలి. మత్తు తట్టుకుంటుందా?

జవాబు: మీరు రాసినవి గుండెజబ్బు లక్షణాలు కావు, జైలజిన్ చేసే పని. ఈ మందు వేయగానే మొదట రక్తనాళాలు బిగుసుకుని రక్తపోటు పెరుగుతుంది. దాన్ని సర్దడానికి గుండె నెమ్మదిస్తుంది, మధ్యమధ్య ఒక దెబ్బ తప్పుతుంది. చిగుళ్లు పాలిపోయేదీ అందుకే. ఆ తర్వాత రక్తపోటు కూడా తగ్గుతుంది. నిద్రలో శ్వాస నిమిషానికి 30 దాటినా, రాత్రిళ్లు దగ్గినా, నాలుగడుగులకే ఆయాసపడినా గుండెను అనుమానించాలి.

ఎనలాప్రిల్ ఆపేయండి. పరీక్షించకుండా గుండె మాత్రలివ్వడం షాపువాళ్ల పని కాదు. ఈ మందు ఒంట్లో ఉంటే మత్తులో రక్తపోటు ఇంకా పడిపోతుంది. ఎన్ని రోజులు వేశారో డాక్టరుకు చెప్పండి. అట్రోపిన్ సలహా మరీ ప్రమాదం. నాళాలు బిగిసి ఉండగా గుండెను పరుగెత్తించడం గేట్ వాల్వ్ మూసి మోటారు వేగం పెంచడమే. రక్తపోటు విపరీతంగా పెరిగి గుండె లయ తప్పుతుంది. అవసరమైతే జైలజిన్‌కు విరుగుడు యోహింబిన్ ఉంది, కిలోకు 0.1 మి.గ్రా., డాక్టరే ఇవ్వాలి.

అసలు ‘సుమారు 30’ ఏమిటి? తూచారా? కుక్క 24 కిలోలే అయితే, కిలోకు 1 మి.గ్రా. చొప్పున 24 మి.గ్రా. పోవాల్సిన చోట 30 పోయినట్టే. మత్తుమందుల విషయంలో కంటి అంచనా పనికిరాదు. ధాన్యం తూచే ప్లాట్‌ఫాం కాటా మీద నిలబెట్టి, ఆపరేషన్ రోజు ఉదయమే తూకం రాసివ్వండి. బొద్దు కుక్కయితే ఆ మాటా చెప్పండి, కొవ్వు బరువుకు మందు లెక్కగట్టకూడదు.

ముందుగా గుండె వినిపించండి, ఛాతీ ఎక్స్‌రే తీయించండి (గడ్డ ఊపిరితిత్తులకు పాకిందేమో తెలుస్తుంది). హిమోగ్లోబిన్, ప్లేట్‌లెట్లు తప్పనిసరి. గోమార్ల జ్వరం వచ్చిన కుక్కల్లో ఇవి తగ్గి ఉంటాయి. తిండి 6 నుంచి 8 గంటల ముందు ఆపాలి, నీళ్లు 2 గంటల ముందు వరకు ఇవ్వొచ్చు.

ఈ వయసు కుక్కకు ముందు నొప్పి తగ్గించి మగత తెచ్చే బ్యూటార్ఫనాల్ కిలోకు 0.2 మి.గ్రా., తర్వాత నరంలోకి ఎక్కించే మత్తుమందు ప్రొపోఫాల్ కిలోకు 2 నుంచి 4 మి.గ్రా. మేలు. ప్రొపోఫాల్ నిమిషానికి పైగా సమయం తీసుకుని, సరిపడేంతే ఎక్కించాలి. తొందరపడి తోస్తే నాళాలు ఒక్కసారిగా సడలి రక్తపోటు పడిపోతుంది, శ్వాసా ఆగుతుంది. శ్వాసనాళంలో ట్యూబు, ఆక్సిజన్ సిద్ధంగా లేనిచోట చేయించకండి. మత్తు నిలపడానికి ఐసోఫ్లురేన్ (పీల్చే మత్తుమందు) ఎక్కువ కుక్కలకు 1.5 నుంచి 2 శాతం సరిపోతుంది. సగటు రక్తపోటు 60 మి.మీ. కంటే తగ్గితే మూత్రపిండాలు దెబ్బతింటాయి. అప్పుడు ముందు తగ్గించాల్సింది ఐసోఫ్లురేన్, సెలైన్ పెంచడం ఆ తర్వాత. సెలైన్ మామూలుగా గంటకు కిలోకు 5 మి.లీ. చాలు.

మెలకువ వచ్చేదాకా గోనెసంచో దుప్పటో కప్పి వెచ్చగా ఉంచండి, చల్లబడితే గుండె మళ్లీ నెమ్మదిస్తుంది. తొడ లోపలివైపు నాడి పట్టుకుని 15 సెకన్లు లెక్కపెట్టి 4తో గుణించండి. 60 కంటే తగ్గినా, చిగురు నొక్కి వదిలాక 2 సెకన్లలో ఎరుపు తిరిగి రాకపోయినా వెంటనే డాక్టర్‌ను పిలవండి.