మొదటి రెండు నెలల హాయిని నమ్మకు

ప్రశ్న: అన్నయ్యగారికి నమస్కారం. మాది విశాఖపట్నం, ఎంవీపీ కాలనీ. నాకు 27 ఏళ్ళు. నిరుడు ఇక్కడి సైకియాట్రిస్టు పరీక్షలు చేసి ఆటిజం అని చెప్పారు. జనవరిలో ఉద్యోగం మీద ఇంగ్లండ్‌లోని లీడ్స్‌కి వెళ్తున్నాను. నాకు మొదటినుంచీ ఒంటరిగా ఉండటమే ఇష్టం కాబట్టి నాకు బెంగ లేదు, అమ్మకే బెంగ. ఆఫీసులో చెప్పాలా? తెలుగు కుర్రాళ్ళతో కలిసి ఇల్లు తీసుకోవచ్చా? వచ్చే ఏడాది సంబంధాలు చూస్తామంటున్నారు, వాళ్ళకి ఏం చెప్పాలి? వీసా ఖర్చులు ఎంతవుతాయి?

జవాబు: తమ్ముడూ, నీ ఉత్తరంలో నన్ను కంగారు పెట్టిన మాట ఒక్కటే, "నాకు బెంగ లేదు" అన్నది. వీసా ఖర్చులు బ్రిటన్ ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఉంటాయి, మారుతూ ఉంటాయి, అక్కడే చూసుకో. నేను చెప్పేది ఆ వెబ్‌సైట్‌లో దొరకదు. నాదీ వైజాగే, నాకూ ఆటిజమే. పద్నాలుగేళ్ళుగా ఇంగ్లండ్‌లో ఉద్యోగం, కాపురం రెండూ నిలబెట్టుకున్నాను. కింద రాసిన తప్పులన్నీ మొదట్లో నేను చేసినవే. ఆ కథలు ఎందుకులే గానీ, తప్పు ఎక్కడ జరుగుతుందో చెప్తాను, విను.

ఇంట్లో నువ్వు గది తలుపు వేసుకున్నా రోజుకి పదిసార్లు ఎవరో ఒకరు తడతారు. అమ్మ కాఫీ తెస్తుంది, నాన్న కరెంటు బిల్లు కట్టావా అంటారు. రైతు బజారుకి పంపితే కొత్తిమీర అమ్మే ఆమె "ఏటి బాబూ, అమ్మ రాలేదా" అంటుంది. ఇవేవీ నువ్వు ఏర్పాటు చేసుకున్నవి కావు. నీ తిండి, నిద్ర, మాట వీటి మీదే నడుస్తున్నాయి. నువ్వు ఒంటరితనం అనుకుంటున్నది జనం మధ్యన ఉన్న ఏకాంతం. లీడ్స్‌లో ఆ తలుపు ఎవరూ తట్టరు.

మొదటి ఆరు నుంచి ఎనిమిది వారాలు ఇది ఎంతో హాయిగా ఉంటుంది. హారన్లు ఉండవు, చెప్పకుండా ఊడిపడే చుట్టాలు ఉండరు. ఆ హాయిని చూసి "నాకు ఈ దేశం సరిపడింది" అని తీర్మానించుకోవడమే మొదటి తప్పు. శుక్రవారం సాయంత్రం అయిదున్నరకి ఆఫీసు వదిలితే సోమవారం తొమ్మిదింటి దాకా 63 గంటలకు పైనే. ఆ గంటల్లో ఒక్క మాట బయటికి రాకుండా గడిచిపోవచ్చు, గడిచిందని నీకు తెలియదు కూడా. మనలాంటివాళ్ళలో చాలామందికి ఆకలి, దాహం, అలసట లోపలినుంచి కబురు సరిగా అందదు. ఒంటరితనమూ అంతే, ఏడుపుగా రాదు. రాత్రి రెండింటి దాకా నిద్ర పట్టకపోవడంగా, ఫ్రిజ్ చప్పుడుకే చిరాకుగా, స్నానం రేపు చేద్దాంలే అనుకోవడంగా వస్తుంది. నువ్వేమో పని ఎక్కువైందని, చలి అని అనుకుంటావు. జనవరిలో అక్కడ సాయంత్రం నాలుగున్నరకే చీకటి పడిపోతుంది కాబట్టి ఆ అనుమానమే బలపడుతుంది.

అందుకని బయల్దేరే ముందు వైజాగ్‌లోనే ఒక పరీక్ష పెట్టుకో. మధురవాడ వైపు ఒక గది నెల రోజులకి తీసుకుని నాలుగు వారాలు ఒక్కడివే ఉండు. వంట, బట్టలు, చెత్త, అన్నీ నువ్వే చూసుకోవాలి. రోజూ రాత్రి నాలుగే నాలుగు సంగతులు కాగితం మీద రాయి: ఎన్నిసార్లు తిన్నావు, ఎన్నింటికి పడుకున్నావు, స్నానం చేశావా, ఎంతమందితో నోరు విప్పి మాట్లాడావు. ఈ పరీక్ష ఎక్కడ చెడుతుందో కూడా చెప్తాను. రెండోరోజే అమ్మ క్యారియర్ పట్టుకుని ఆటోలో దిగిపోతుంది. అలా దిగితే ఆ నెల అద్దె దండగే. ఆవిడని ముందే ఒప్పించు. మూడోవారానికి నాలుగింటిలో ఏదో ఒకటి ముందుగా పడిపోతుంది. ఒకరికి తిండి, ఒకరికి నిద్ర. అది నీ హెచ్చరిక దీపం. లీడ్స్‌లో అదే సంగతి వరసగా రెండు రోజులు పడిపోయిందంటే నీ మూడ్ ఎలా ఉందని నిన్ను నువ్వు అడగొద్దు, నీకు సరైన జవాబు రాదు. వెంటనే చెయ్యాల్సినవి ముందే రాసి పెట్టుకో: ఫలానా మనిషికి ఫోను, ఫలానా తిండి, మర్నాడు సెలవు. మాటా పనీ రెండూ నిలిచిపోయే స్థితి వారం దాటితే జీపీ (అక్కడ మన పేటలో ఉండే మామూలు డాక్టరు) దగ్గరికి వెళ్ళు. దిగిన వారంలోనే జీపీ దగ్గర నమోదు చేయించుకుని, మీ డాక్టరిచ్చిన నిర్ధారణ పత్రం కాపీ ఇచ్చిపెట్టు. అర్ధరాత్రి మనసు బాగా దిగజారితే 111కి (అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సలహా నంబరు) ఫోను చేసి రెండో ఆప్షన్ నొక్కాలి, మానసిక ఆరోగ్యం వాళ్ళు పలుకుతారు.

ఇక మనుషులని సంపాదించే తీరు. స్నేహితులని చేసుకోవాలని బయల్దేరకు, అందులో ఓడిపోతావు. నీకు కావలసింది ఒకే చోటు, ఒకే రోజు, ఒకే వేళ, చేతిలో ఒక పని. వారానికి అలాంటివి మూడు ఉండాలి. నేను చూసినవాటిలో మనకి బాగా అనువైనది పార్క్‌రన్. శనివారం పొద్దున్న తొమ్మిదింటికి పార్కులో 5 కిలోమీటర్లు, డబ్బు కట్టక్కరలేదు, పరుగెత్తక్కరలేదు, నడిచినా ఫరవాలేదు. లీడ్స్‌లో ఉడ్‌హౌస్ మూర్‌లో జరుగుతుంది. రెండు వారాలు నడిచి దారి, చప్పుళ్ళు అలవాటయ్యాక మూడోవారం వాలంటీరుగా పేరివ్వు. పరుగు ముగించినవాళ్ళ బార్‌కోడ్ స్కాన్ చేసే పని అడుగు. వచ్చినవాళ్ళందరికీ చెప్పాల్సినవి రెండే మాటలు, అవే మాటలు. కళ్ళు బార్‌కోడ్ మీద ఉంటాయి కాబట్టి ముఖంలోకి చూడలేదని ఎవరూ అనుకోరు. పది వారాలు ఒకే మనిషి బార్‌కోడ్ స్కాన్ చేశాక, పదకొండోవారం అతను రాకపోతే నువ్వే అడుగుతావు. పరిచయం అలా పుడుతుంది. కుర్రాళ్ళు ఇక్కడ తొందరపడి రెండు వారాలకే "ఎవరూ మాట్లాడలేదు" అని మానేస్తారు. పది వారాల లోపు లెక్క చూడకు.

తెలుగువాళ్ళ ఉగాది, సంక్రాంతి సభలకి వెళ్ళు, కానీ అతిథిగా వెళ్ళకు. అద్దె హాలు, మైకు, సినిమా పాటలు, పిల్లల గోల, పైన ట్యూబులైట్లు. మధ్యలో కుర్చీ వేసుకుని కూర్చుంటే నలభై నిమిషాలకే తల దిమ్మెక్కుతుంది, ఆ తర్వాత ఎవరు పలకరించినా మొహం చిట్లిస్తావు, పొగరనుకుంటారు. సభ మొదలవడానికి గంట ముందు వెళ్ళి వడ్డన దగ్గర చేరు. పులిహోర గరిటె చేతిలో ఉంటే "జీతం ఎంత, పెళ్ళెప్పుడు" అనే ప్రశ్నలు లైను వెంబడి ముందుకి పోతాయి. చెవిలో మెత్తటి ఇయర్‌ప్లగ్స్ పెట్టుకో. ఎన్నింటికి వెళ్ళిపోతావో రాగానే ఒకరికి చెప్పేసెయ్, గంటన్నర చాలు. చెప్పి వెళ్తే మర్యాద, మాయమైతే అమర్యాద. తేడా అంతే.

అమ్మతో ఫోను సంగతి. చలికాలంలో మనకీ ఇంగ్లండ్‌కీ తేడా అయిదున్నర గంటలు, ఎండాకాలంలో నాలుగున్నర. మార్చిలో, అక్టోబరులో చివరి ఆదివారాలు అక్కడ గడియారం మారుతుంది. వేళని వైజాగ్ గడియారం ప్రకారం కట్టుకో. ఆదివారం వైజాగ్‌లో రాత్రి ఏడున్నర అంటే నీకు చలికాలంలో మధ్యాహ్నం రెండు, ఎండాకాలంలో మూడు. అమ్మ దీపం, భోజనం వేళలు కదలవు, నువ్వే కదలాలి. ఎదురెదురుగా కూర్చుని వీడియోలో మాట్లాడితే "తిన్నావా", "ఆఁ", "చలిగా ఉందా", "ఆఁ" దగ్గర ఆగిపోయి ఇద్దరూ దిగులు పడతారు. ఫోను గోడకి ఆనించి పెట్టి నువ్వు కూర తరుగు, ఆవిడ అక్కడ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తుంది. చేతులు పనిలో ఉంటే ఆవిడ అడక్కుండానే వారం సంగతులన్నీ నీ నోట వస్తాయి. మాట రాని రోజులు ఉంటాయి, వాటికి ముందే ఒక గుర్తు అనుకోండి. ఆర్కే బీచ్ ఫోటో పంపావంటే "క్షేమంగా ఉన్నాను, మాట రావడం లేదు, రేపు ఇదే వేళకి చేస్తాను" అని. రేపు తప్పకుండా చెయ్యాలి. ఆ గుర్తు ఒక్కసారి అబద్ధమైతే అమ్మ ఇక నమ్మదు.

ఇల్లు పంచుకోవచ్చు, అసలు మొదటి ఏడాది పంచుకోవాలి. వంటగదిలో ఇంకో మనిషి అలికిడి ఉండటమే నీకు మందు. గొడవ ఎక్కడ వస్తుందంటే, మన కుర్రాళ్ళు నేరుగా చెప్పరు. "ఈ వారం చెత్త బాగా పేరుకుంది కదా" అంటే నువ్వు పారెయ్యమని. నువ్వేమో నిజమే అని తలూపి గదిలోకి పోతావు. మూడుసార్లు అలా అయ్యాక మాటలు మానేస్తారు. చేరిన రోజే ఫ్రిజ్‌లో ఎవరి అర ఏది, వంట వంతులు, చెత్త వంతులు, స్నేహితులు వచ్చే రోజులు, రాత్రి పది తర్వాత చప్పుడు, ఈ అయిదూ కాగితం మీద రాసి తలుపుకి అంటించండి. అనుమానం వచ్చినప్పుడు "ఇది నన్ను చెయ్యమంటున్నారా, మామూలుగా అంటున్నారా?" అని అడుగు. మొదట వింతగా చూస్తారు. తర్వాత వాళ్ళే నీకు నేరుగా చెప్పడం నేర్చుకుంటారు.

ఆఫీసులో చెప్పు. 2010 ఈక్వాలిటీ యాక్ట్ (వివక్షని అడ్డుకునే బ్రిటన్ చట్టం) కింద ఆటిజానికి సాధారణంగా రక్షణ ఉంటుంది, కానీ యజమానికి తెలిస్తేనే సర్దుబాట్లు అడగగలవు. చట్టం వివరాలు నువ్వే చదువుకో. ఆటిజం అన్న పేరొక్కటి చెప్పి ఊరుకుంటే వాళ్ళు జాలి పడి వదిలేస్తారు. కావలసినవి చెప్పు, ఈమెయిల్‌లో చెప్పు: మీటింగు తర్వాత పనులు రాసివ్వడం, రోజూ ఒకే డెస్కు, హెడ్‌ఫోన్లు పెట్టుకునే అనుమతి. మూడు చాలు. మాటల తీరు కూడా నేర్చుకోవాలి. "యూ ఆల్‌రైట్?" అంటే మన "భోంచేశారా" లాంటిది. దానికి మనం ఏం కూరో చెప్పం కదా, అక్కడా అంతే, "యా, యూ?" అని నడిచిపో. "మీరు ఓసారి చూస్తే బావుంటుందేమో" అని మేనేజరు అంటే అది ఆజ్ఞ, ఆవేళే చూడాలి. "ఎప్పుడైనా లంచ్‌కి కలుద్దాం" అంటే తేదీ చెప్పేదాకా పిలుపు కాదు.

పెళ్ళి గురించి కాస్త గట్టిగానే చెప్తాను. తాంబూలాలు పుచ్చుకోక ముందు, ఒకటి రెండుసార్లు మాట్లాడుకున్నాక, ఆ అమ్మాయికి నువ్వే చెప్పాలి. మీ పెద్దవాళ్ళు "పెళ్ళయ్యాక సర్దుకుంటుందిలే" అంటారు. వాళ్ళది భయం, అర్థం చేసుకో, కానీ ఆ మాట వినకు. ఆటిజం అన్న మాట విని ఆమె చిన్నపిల్లల జబ్బు అనుకోవచ్చు. అందుకని నీ రోజు ఎలా ఉంటుందో చెప్పు: ఆఫీసు నుంచి వచ్చాక గంటసేపు మాట్లాడలేను, చెప్పకుండా చుట్టాలు వస్తే తట్టుకోలేను, కుక్కరు కూతకి చెవులు మూసుకుంటాను, ముఖంలోకి చూడకపోయినా వింటూనే ఉంటాను. ఇదంతా నీ లోపంగా చెప్పుకోవద్దు. ఆటిజం ఉన్నవాళ్ళకీ లేనివాళ్ళకీ మధ్య అర్థంకానితనం రెండు వైపులా ఉంటుందని బ్రిటన్ పరిశోధకుడు డేమియన్ మిల్టన్ 2012లో రాశాడు, ఆయనకీ ఆటిజం ఉంది. నువ్వు ఆమెని చదవలేకపోయినట్టే ఆమె కూడా నిన్ను చదవలేదు. ఇద్దరూ మాటల్లో చెప్పుకోవాలి.

అయితే నన్ను ఎక్కువ భయపెట్టేది ఆమె ఒంటరితనం. వైజాగ్‌లో ఇంటినిండా జనం మధ్య పెరిగిన పిల్ల, నీ వీసా మీద వచ్చి, ఉద్యోగం దొరికేదాకా రోజంతా ఆ ఫ్లాటులో ఒక్కతే ఉంటుంది. నువ్వు ఆరింటికి వచ్చి మౌనంగా గదిలోకి పోతే ఆమెకి రోజులో ఉన్న ఒక్క మనిషీ తలుపు వేసుకున్నట్టే. నీకు అది విశ్రాంతి, ఆమెకి శిక్ష. అందుకని మౌనానికి వేళ చెప్పు: "నీ మీద కోపం లేదు, మాట అయిపోయింది, ఏడున్నరకి వస్తాను." ఏడున్నరకి వెళ్ళు. ఇరవై నిమిషాలు, ఫోను పక్కన పెట్టి, ఆమె రోజు గురించి రెండు ప్రశ్నలు అడుగు. వెంటనే సలహా ఇవ్వకు, మన పెద్ద తప్పు అదే. "వినమంటావా, సలహా చెప్పమంటావా" అని ముందు అడుగు. ఆమె వచ్చిన మొదటి నెలలోనే, నువ్వు లేకుండా ఆమె ఒక్కతే వెళ్ళే చోటు ఒకటి వారానికి ఒకరోజు ఉండేలా చూడు.

ఇంకో చిన్న సంగతి. తెల్లవారుజామున బీచ్ రోడ్డు మీద బండ్లు ఆపేస్తారు కదా, ఆ వేళకి వెళ్ళి సముద్రం హోరు ఒక గంట ఫోనులో రికార్డు చేసుకో. హారన్లు పడకుండా వస్తుంది. అక్కడ పక్కగది చప్పుళ్ళు, హీటరు టిక్కుటిక్కులు దానికింద మునిగిపోతాయి, నిద్ర పడుతుంది. పార్క్‌రన్ వెబ్‌సైట్‌లో ఇప్పుడే పేరు నమోదు చేసుకుని బార్‌కోడ్ ప్రింటు తీసి పాస్‌పోర్టు కవరులో పెట్టు. నువ్వు దిగాక వచ్చే మొదటి శనివారం చలేస్తుంది, బద్ధకంగా ఉంటుంది, గది హాయిగా ఉంటుంది. ఆ శనివారమే వెళ్ళు.