పెనుగాలిలో పట్టు విడవని బల్లి

ప్రశ్న: తుఫానుకు కొబ్బరి చెట్లే కూలిపోతాయి కదా. గుప్పెట్లో పట్టే బల్లులు ఎలా బతుకుతాయి? కొట్టుకుపోవా? (ఒక పాఠకురాలు, కాకినాడ)

జవాబు: కొన్ని కొట్టుకుపోతాయి. మిగిలినవి అదృష్టం కొద్దీ మిగిలాయా, ఒంటి తీరు వల్లనా అన్నది తేలాలంటే తుఫానుకు ముందూ తర్వాతా కొలతలు కావాలి. అలాంటి కొలతలు కరీబియన్‌లోని టర్క్స్ అండ్ కైకోస్ దీవుల్లో దొరికాయి. ఎలుకల నిర్మూలనకు ముందు బల్లుల వివరాలు రాసి పెట్టుకుందామని 2017లో జీవశాస్త్రవేత్త కాలిన్ డోనిహ్యూ బృందం పైన్ కే, వాటర్ కే దీవుల్లో అనోలిస్ స్క్రిప్టస్ అనే చిన్న బల్లులను పట్టి కాళ్లు, వేళ్ల కింది మెత్తలు కొలిచింది. వాళ్లు వెళ్లిన కొద్ది రోజులకే, సెప్టెంబరులో, గంటకు 265 కిలోమీటర్ల గాలితో ఇర్మా హరికేన్ (అక్కడ పెనుతుఫానును అలా అంటారు) విరుచుకుపడింది. మరో రెండు వారాలకు మరియా అనే ఇంకో హరికేన్ వచ్చింది.

మొదటి కొలతలకు సుమారు ఆరు వారాల తర్వాత మళ్లీ కొలిస్తే, మిగిలిన బల్లుల్లో సగటున వేలి మెత్తలు పెద్దవి, ముందు కాళ్లు పొడుగు, వెనక తొడలు పొట్టి. ఇక్కడ పొరపాటు పడకూడదు: ఏ బల్లి కాళ్లూ ఆరు వారాల్లో సాగలేదు. పట్టు చాలనివి పోయాయి, అందుకే సగటు మారింది.

ప్రశ్న: ముందు కాళ్లు పొడుగైతే మేలు, వెనకవి పొట్టివైతే మేలు. ఇదేం లెక్క?

జవాబు: దీన్ని చూడటానికే బల్లిని ఒక కర్ర మీద ఉంచి, ఎండుటాకులు ఊదే బ్లోయరుతో గాలి పెంచుతూ వీడియో తీశారు. ఎగిరిపడినా దెబ్బ తగలకుండా వెనక వల కట్టారు. గాలి మొదలవగానే బల్లి పారిపోలేదు. కర్ర చాటుకు తిరిగి, ఒళ్లు దానికి అదిమి పట్టుకుంది. మోచేతులు ఒంటికి దగ్గరగా ముడుచుకుంటాయి. తొడలు మాత్రం కర్రకు అటూ ఇటూ బయటికి పొడుచుకొస్తాయి. గాలి వాటికి తెరచాపకు తగిలినట్టు తగులుతుంది. అందుకే మొదట వెనక కాళ్ల పట్టే ఊడుతుంది. అప్పుడు ఒళ్లంతా జెండాలా రెపరెపలాడుతూ ముందు కాళ్ల మీదే వేలాడుతుంది. తొడ ఎంత పొడుగైతే గాలి అంత పడుతుంది.

మెత్తల అడుగున కంటికి ఆనని సన్నని నూగు ఉంటుంది. అక్కడ జిగురేమీ లేదు. అణువుల మధ్య ఆకర్షణే పట్టు. మెత్త వెడల్పు పెరిగేకొద్దీ పట్టూ పెరుగుతుంది.

ప్రశ్న: ఈ ఒంటి తీరు వాటి పిల్లలకూ వస్తుందా? మన తొండలకూ ఇదేనా?

జవాబు: ఏడాదిన్నర తర్వాత చూసినా అక్కడి తర్వాతి తరం బల్లులకు పెద్ద మెత్తలే ఉన్నాయి. 188 అనోలిస్ జాతులను 70 ఏళ్ల హరికేన్ల వివరాలతో పోల్చి 2020లో ప్రచురించారు: హరికేన్లు ఎక్కువగా తాకిన చోట మెత్తలు పెద్దవిగా ఉన్నాయి. తొండ మాత్రం ఈ లెక్కలోకి రాదు. దానికి మెత్తలే లేవు, బెరడులో గోళ్లు గుచ్చి నిలబడుతుంది. గోడ మీది బల్లికి మెత్తలున్నాయి.