ఐకిడో సాధన: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: కొన్నేళ్లు కరాటే చేసి, ఈ మధ్యనే ఐకిడో అనే జపాన్ యుద్ధవిద్యలో చేరాను. ఇక్కడ ఒకరు చెయ్యి పట్టుకుంటారు, రెండోవారు పక్కకు తిరుగుతారు, పట్టుకున్నవారు పడిపోతారు. పోటీలు లేవు. ఎదుటివారు కావాలనే పడుతున్నారేమో అన్న అనుమానం నన్ను వదలడం లేదు. ఇలాంటి సాధనతో నిజంగా ఏమైనా వస్తుందా?
— ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: మీ అనుమానం న్యాయమైనదే. ఇది మీకు మొదటగా వచ్చినదీ కాదు. ఐకిడో స్థాపకులు మొరిహెయి ఉయెషిబా (1883–1969) తమ పద్ధతిలో పోటీలకు చోటివ్వలేదు. ఆయన శిష్యుల్లో జూడో నుంచి వచ్చిన కెంజి తొమికి మాత్రం, ఎదురు తిరిగే ప్రత్యర్థి లేకుండా నేర్చినది పరీక్షకు నిలవదని భావించి, మెత్తని కత్తితో ఒకరు దాడి చేసే పోటీ విధానాన్ని తన శాఖలో ప్రవేశపెట్టారు. అందువల్ల ఈ చర్చ ఐకిడో లోపలే చాలాకాలంగా ఉంది.

పోటీ లేని శాఖల్లో పరీక్ష భారమంతా దాడి చేసి పడేవారి మీద, అంటే ఉకే మీద ఉంటుంది. టోక్యోలోని హోంబు దోజో (ఐకిడో ప్రధాన శిక్షణశాల) తరహాలో సాగే తరగతుల్లో, గురువు చూపించిన పద్ధతిని ఒకరు కుడి ఎడమలు మార్చుకుంటూ నాలుగుసార్లు చేస్తారు. ఆ తరువాత పాత్రలు మారతాయి. అంటే తరగతిలో సగం సేపు మీరు ఉకేగానే ఉంటారు. ఆ సగాన్ని తన వంతు వచ్చేదాకా ఓపిక పట్టే సమయంగా చూసేవారికి ఐకిడో సగమే అందుతుంది.

మంచి ఉకే చేయవలసినవి రెండు ఉన్నాయి. దాడి నిజాయితీగా ఉండాలి: మణికట్టు పట్టుకుంటే వదులుగా కాక గట్టిగా పట్టుకోవాలి, నెత్తి మీద కొడుతున్నట్లయితే అవతలివారు తప్పుకోకపోతే తగిలేంత సూటిగా రావాలి. ఆ పైన, తన సమతుల్యం నిజంగా చెదిరితేనే పడాలి. మీరు వ్రాసినట్లు అది చెదరకముందే పడేవారు అవతలివారికి అబద్ధం నేర్పుతున్నారు. అయితే ఏ పద్ధతి రాబోతోందో ముందే తెలుసు కనుక దానికి తగినట్లు బిగుసుకుని నిలబడేవారిది కూడా నిజాయితీ కాదు, ఎందుకంటే బయట దాడి చేసేవాడికి ఆ సంగతి ముందుగా తెలిసే వీలు లేదు. కొత్తవారు ఎక్కువగా ఈ రెండో పొరపాటు చేసి, దాన్ని బలమైన సాధన అనుకుంటారు.

మీకు మీరే పరీక్షించుకోవడానికి తాయ్ నో హెన్కో అనే ప్రాథమిక కదలిక చాలు. మీ ఎడమ మణికట్టును ఎదుటివారిని గట్టిగా పట్టుకోమనండి. చేతిని మీ వైపు లాగితే అది కదలదు, పైగా మీ భుజం బిగుసుకున్న సంగతి ఆయనకు వెంటనే తెలిసిపోతుంది. ఈసారి చేతిని ఉన్నచోటే వదిలి, వేళ్లు విప్పి, ముందు పాదాన్ని ఆయన పాదం పక్కకు చేర్చి, ఇద్దరూ ఒకే దిక్కుకు చూసేలా నడుము నుంచి తిరగండి. అప్పుడు మీ చెయ్యి మీ బొడ్డు ముందే ఉండాలి. తిరుగుడు సరిగ్గా కుదిరితే ఆయన బరువు ముందు కాలి మీదికి జారుతుంది, వెనక మడమ కాస్త లేస్తుంది. అక్కడ ఆగి ఆ మడమ చూడండి. అది నేలకు అంటుకునే ఉంటే, ఆ తరువాత మీరు ఏ పద్ధతి ప్రయోగించినా ఆయన పడటం మర్యాద కోసమే.

ఒక్క చోట మాత్రం ముందుగా లొంగడాన్ని నటనగా భావించకండి. నిక్యో, కోతెగాయెషి వంటి పద్ధతుల్లో మణికట్టు మడత పడుతుంది. కీలు దెబ్బతినేదాకా ఎదురు నిలిస్తే మర్నాటి తరగతి ఉండదు, కాబట్టి ఉకే తన చేతిని కాపాడుకుంటూ కిందికి దిగుతారు, లేదా చాపను తట్టి ఆపమంటారు. షిహోనాగే అనే పడవేసే పద్ధతి విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. పట్టిన చేతిని భుజానికి దగ్గరగా మడిచి నేరుగా కిందికి దించకుండా దూరంగా విసిరితే, ఉకే మోచేయి దెబ్బతినవచ్చు, తల వెనుకభాగం నేలకు తగలవచ్చు. తలకు తగిలే దెబ్బ ప్రాణాంతకం కాగలదు. ఈ పద్ధతిని కొత్తవారి మీద వేగంగా ప్రయోగించే సీనియర్ ఎంత నేర్పరి అయినా, ఆయనతో సాధన చేయనని చెప్పే హక్కు మీకుంది.

ప్రశ్న: నా వయసు నలభై దాటింది. ఐకిడో మీద ఇష్టం ఉంది కానీ ముందుకు దొర్లడమంటే భయం. ఎక్కడ మొదలుపెట్టాలి?
— ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: వెనక్కి పడటంతో మొదలుపెట్టండి, అదీ కూర్చున్న స్థితి నుంచి. గడ్డం ఛాతీకి ఆనించి, ఒక కాలు మడిచి, వీపును చక్రంలా గుండ్రంగా ఉంచి, పిరుదు మీది నుంచి భుజం వైపు దొర్లి తిరిగి రండి. చూపు మీ బొడ్డు మీద ఉంటే తల నేలకు తగలదు. ఇది భయం లేకుండా వచ్చాక, మోకాలి మీద కూర్చుని ముందుకు దొర్లడం నేర్చుకోవచ్చు: చిటికెన వేలి అంచు మొదట చాపను తాకాలి, తరువాత వరుసగా ముంజేయి, భుజం, వీపుకు అడ్డంగా వెళ్లి ఎదురు వైపు తుంటి. వెన్నెముక మీద నిటారుగా దొర్లితే నొప్పి తప్పదు, మెడ మీద దొర్లడం ప్రమాదం. నిలబడి దొర్లడానికి తొందర అక్కరలేదు. మెడకు, భుజానికి పాత గాయం ఉంటే ముందుగా వైద్యులను అడిగి, ఆ సంగతి గురువుకు కూడా చెప్పండి. మోకాళ్లు బాగాలేకపోతే మోకాళ్ల మీద కూర్చుని చేసే సువారి వాజాను మానుకుని అవే పద్ధతులను నిలబడి చేయవచ్చు.

ప్రశ్న: వట్టి చేతులతో చేసే విద్యలో కర్ర, చెక్క కత్తి ఎందుకు?
— ఒక విద్యార్థి, తిరుపతి

జవాబు: ఐకిడోలోని చేతి దాడులు చాలావరకు కత్తి కదలికలను పోలి ఉంటాయి. షోమెనుచి అనే నడినెత్తి దెబ్బను ఒకసారి బోకెన్ అనే చెక్క కత్తితో చేసి చూస్తే, అడుగు ఎక్కడ పడాలో, ఎంత దూరంలో నిలబడాలో మీకే అర్థమవుతుంది. చెక్క కత్తి ఎదురుగా ఉన్నప్పుడు దగ్గరగా నిలబడే అలవాటు తొందరగా పోతుంది. ఇబారకి ప్రాంతంలోని ఇవామాలో ఉయెషిబా వద్ద నేర్చిన మొరిహిరో సైతో, కర్రతో ఒంటరిగా చేయదగిన 20 కదలికలను వరుసగా అమర్చి పెట్టారు. జో అనే ఆ కర్ర పొడవు సుమారు 128 సెంటీమీటర్లు. జంట దొరకని రోజున మేడ మీద వాటిలో మొదటి ఐదు పోట్లను, రెండు వైపులా, నెమ్మదిగా చేయండి. వెనక చెయ్యి తుంటి దగ్గర నుంచే కదులుతోందో లేదో చూసుకోండి.