నీడలో ఉన్న ముఖం మసిబారుతోందా?

ప్రశ్న: పొద్దున్నే తుమ్మలపెంట తీరంలో మా అవ్వను సముద్రానికి వీపు పెట్టి కూర్చోబెట్టి ఆయిల్ రంగులతో బొమ్మ వేస్తున్నాను. సముద్రం బాగానే కుదురుతోంది, ముఖమే మసి పూసినట్టుంది. తెలుపు కలిపితే సుద్దలా పాలిపోతోంది. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, కావలి

జవాబు: ముందు పెట్టెలోంచి నలుపు ట్యూబు తీసేయండి. అమెరికా చిత్రకారుడు రాబర్ట్ హెన్రై లాగా గదిలో, ముదురు నేపథ్యం ముందు ముఖాన్ని వెలిగించడం వేరే విద్య. మన తీరంలో పొద్దు సముద్రం మీద పొడుస్తుంది కాబట్టి అవ్వ ముఖమంతా నీడే. కానీ ఆ నీడలోకి పైనుంచి ఆకాశం, కిందనుంచి ఇసుక వెలుగు పంపుతూనే ఉంటాయి. నలుపు కలిపితే ఆ రెండూ చచ్చిపోతాయి.

అమెరికాలోనే చార్లెస్ హాథార్న్ (1872–1930) అనే చిత్రకారుడు సరిగ్గా ఈ వెలుగుతోనే పాఠం చెప్పారు. 1899లో ప్రావిన్స్‌టౌన్ అనే తీరపట్టణంలో కేప్ కాడ్ స్కూల్ ఆఫ్ ఆర్ట్ పెట్టి, మనిషిని ఎండకు అడ్డంగా నిలబెట్టి, లప్పం రేకుతో బొమ్మ వేయించేవారు. రేకుతో కనురెప్ప గీయలేం. రంగు పక్కన రంగు పెట్టగలం, అంతే. అలా వేసిన బొమ్మలను 'మట్టి తలలు' అనేవారు.

మీరూ అలాగే చేయండి. 12×16 అంగుళాల ప్రైమర్ కొట్టిన బోర్డు, అంగుళం రేకు చాలు. మొదట సముద్రం, చీర అంచున పడే ఎండ పెట్టండి. అవి లేకుండా ముఖం ఎంత ముదురో కంటికి తెలియదు. తర్వాత బర్న్ట్ సియన్నా (ఎర్రటి గోధుమ) మూడు పాళ్లు, యెల్లో ఆకర్ (మట్టి పసుపు) ఒక పాలు, అల్ట్రామెరిన్ (ముదురు నీలం) అర పాలు కలిపి ముఖమంతా ఒకే ముద్దగా పరచండి. ఇది మొదలు మాత్రమే, అవ్వ ఒంటిరంగును బట్టి మార్చుకోండి. నుదుటి మీద ఇంకాస్త నీలం. గడ్డం కింద ఇసుక వెలుగు పడే చోట ఆకర్ పెంచండి, తెలుపు వద్దు. తెలుపు కలిస్తే రంగు తేలికవుతూనే చల్లబడుతుంది. మీ సుద్దతనం అక్కడిదే. ఎండ దూరే చెవి తమ్మెను బాగా చూడండి: అలిజరిన్ క్రిమ్సన్, సియన్నా కలిసిన ఎరుపు. ముఖం మొత్తంలో అంత వెచ్చని చోటు మరొకటి ఉండదు.

కళ్లు సగం మూసి చూడండి. గడ్డం కింద మచ్చ ఎగిరొచ్చినట్టు కనిపిస్తే అది మరీ తేలికైనట్టే, గీకి మళ్లీ పెట్టండి. నలభై నిమిషాలకు ఆపేయండి, పొద్దెక్కితే నీడలు జరుగుతాయి. పచ్చి రంగుకు ఇసుక అంటితే ముట్టుకోవద్దు. బాగా ఆరాక మెత్తని కుంచెతో దులపండి.