జుట్టు కత్తిరించుకుంటే పాపమా? నాకు జరిగింది చెబుతాను

భుజాల దాకా జుట్టు కత్తిరించుకోవడం బైబిల్ ప్రకారం తప్పా అని అడిగారు కదా సిస్టర్. మూడేళ్ల కిందట నాకూ ఇదే గొడవ.

టైఫాయిడ్ తగ్గాక దువ్వెన పెడితే చాలు, కుచ్చులు కుచ్చులుగా ఊడొచ్చేది. మిగిలింది ఎలుక తోకంత. గాజువాకలో ఓ పార్లర్‌కి వెళ్లి మెడ దాకా తీయించేశాను. ఎదురింటి పిన్ని గారైతే "సింహాచలం అప్పన్నకి ఇచ్చేశావా ఏంటే" అని నవ్వారు. (మొక్కు తీరాక తల క్షౌరం మన బైబిల్లో సంఖ్యాకాండం 6లోనూ ఉంది. తమను దేవునికి ప్రత్యేకించుకునే ఆ నాజీరు మొక్కు ఆడవాళ్లూ మొక్కుకోవచ్చు.) ఆదివారం తలమీద చున్నీ వేసుకునే చర్చికి వెళ్లాను. అయినా వెనక జడ లేదని పాస్టరమ్మ గారు కనిపెట్టేశారు. "జుట్టు పెరిగేదాకా స్త్రీల కూడికలో ప్రార్థన నువ్వు చేయకులేమ్మా" అన్నారు, మెల్లగానే.

ఇంటికొచ్చి ఏడ్చాను. తర్వాత 1 కొరింథీయులకు 11 తీశాను. 15వ వచనంలో స్త్రీకి జుట్టు "పైటచెంగుగా" ఇచ్చారని ఉంది. ఎంత మన మాట! కత్తెరే తగలకూడదనేవాళ్లు దీన్నే చూపిస్తారు, జుట్టు ఉండగా వేరే ముసుగెందుకు అనేవాళ్లూ దీన్నే చూపిస్తారు. కానీ ముసుగు వేసుకోకపోతే జుట్టు కత్తిరించుకోవాలని 6వ వచనంలో ఆ పత్రిక రాసిన పౌలే అంటాడు. జుట్టే ముసుగైతే, అది లేనావిడ మళ్లీ ఏం కత్తిరించుకుంటుంది? ఇన్ని అంగుళాలుండాలని మాత్రం ఎక్కడా లేదు.

5వ వచనం దగ్గర నాకు కోపమే వచ్చింది. అక్కడ స్త్రీ ప్రార్థన చేస్తోంది, ప్రవచిస్తోంది. తల కప్పుకోమన్నాడంతే. నేను తల కప్పుకునే వెళ్లాను, నోరు మూయించారు. స్త్రీలు సంఘంలో మౌనంగా ఉండాలని 14వ అధ్యాయంలో ఉన్న సంగతి వేరే, దాన్ని ఇందులో కలపొద్దు.

ఇంకోటి, 1 తిమోతి 2:9 జడలతో అలంకరించుకోవద్దంటుంది. మా పాస్టరమ్మ గారికి నడుం దాటిన జడ. దానిమీద ప్రసంగం ఒక్కటీ వినలేదు!

మీకు నా సలహా: ముందు ఇంట్లో అమ్మకి చెప్పండి, లేకపోతే బయటి మాటలకంటే ఆవిడ టెన్షనే ఎక్కువైపోతుంది. చర్చిలో వాదన పెట్టుకోకండి. నేను ఓ శుక్రవారం ఉపవాస ప్రార్థన అయ్యాక పాస్టరమ్మ గారిని ఒంటరిగా కలిసి, 5వ వచనం తీసి చూపించాను. రెండుసార్లు చదువుకుని, "అయ్యగారిని అడుగుతానమ్మా" అన్నారు. ఏం మాట్లాడుకున్నారో తెలియదు. నెల తర్వాత కూడికలో "ఈరోజు ప్రార్థన నువ్వు చెయ్యమ్మా" అన్నారు. అప్పటికి నా జుట్టు భుజాల దాకా కూడా రాలేదు.