లేక్ డిస్ట్రిక్ట్‌కు పెద్దవారితో వెళ్తుంటే: అద్దె కారా, సగం రోజు మినీవ్యాన్ టూరా?

జూన్‌లో మాంచెస్టర్‌లోని అమ్మాయి దగ్గరికి వెళ్తున్నామని, డెబ్బై దాటిన అమ్మగారిని వెంటబెట్టుకుని, ఇంగ్లండు వాయవ్యాన ఉన్న కొండలూ సరస్సుల ప్రాంతం లేక్ డిస్ట్రిక్ట్ చూడాలంటే కారు అద్దెకు తీసుకోవడం మేలా, సగం రోజు మినీవ్యాన్ టూరు మేలా అని మీరు అడిగారు. మేమూ విశాఖ వాళ్లమే. మా అత్తగారితో కలిసి అలాంటి టూరుకు వెళ్లి వచ్చిన అనుభవంతో చెబుతున్నాను, మినీవ్యానే తీసుకోండి.

ముఖ్య కారణం అక్కడి దారులు. మన లైసెన్సుతో అక్కడ ఏడాది వరకు కారు నడపవచ్చు, రోడ్డుకు ఎడమవైపు వెళ్లడం మనకు అలవాటే. అయినా ఆ పల్లె దారులు మన అరకు ఘాట్ రోడ్డు కన్నా ఇరుకైనవి. సున్నం గానీ సిమెంటు గానీ లేకుండా రాయి మీద రాయి పేర్చి కట్టిన గోడలు రెండు పక్కలా బండిని ఒరుసుకుంటున్నట్టే ఉంటాయి. ఒకచోట ఎదురుగా ట్రాక్టరు వస్తే, మా డ్రైవరు పక్క అద్దం మడిచి, గోడకు జానెడు ఎడం మాత్రమే ఉంచుతూ, మలుపు దాటేదాకా వ్యానును వెనక్కి నడిపి దారి ఇచ్చారు. మీరే నడిపితే మీ చూపంతా ఆ గోడల మీదే ఉంటుంది.

టూరును ఎంచుకునేటప్పుడు ఎన్ని సరస్సులు చూపిస్తారన్న లెక్కకు విలువ ఇవ్వకండి. నాలుగు గంటల్లో పది సరస్సులంటే చాలావాటిని కిటికీలోంచి చూసి వదిలేయడమే. బండి ఎక్కడ ఆగుతుంది, ఎంతసేపు ఆగుతుంది, దిగాక ఎంత దూరం నడవాలి అన్నవే అడగండి. నా మటుకు నేను కెస్విక్ ఊరి వైపు వెళ్లి డెర్వెంట్‌వాటర్ సరస్సు, బారోడేల్ లోయ, కాజిల్‌రిగ్ రాతి వలయం చూపించే టూరునే సిఫారసు చేస్తాను. సుమారు 5,000 ఏళ్ల కిందట నిలబెట్టిన ఆ రాళ్లు రోడ్డు పక్కనే, గేటు దాటగానే పచ్చిక మీద ఉన్నాయి కనుక మోకాళ్ల నొప్పులున్న మా అత్తగారు కూడా నిదానంగా నడిచి వెళ్లగలిగారు.

మీకు ఆశ్చర్యం కలిగించే విషయం ఒకటుంది. ఇంగ్లండులోకెల్లా ఎత్తైన స్కాఫెల్ పైక్ శిఖరం 978 మీటర్లే. మన అరకు ఊరే సముద్ర మట్టానికి 900 మీటర్లకు పైన ఉంది. అయినా ఆ కొండలు మహా ఎత్తుగా కనిపిస్తాయి. మంచుయుగంలో హిమానీనదాలు లోతుగా తొలిచిన లోయల్లోనే ఆ సరస్సులు ఏర్పడ్డాయి, కొండలు వాటి ఒడ్డు నుంచే నిట్టనిలువుగా లేస్తాయి. పైగా శతాబ్దాలుగా గొర్రెలు మేయడం వల్ల చెట్లు మిగలక, కొండ ఆకారం అడుగు నుంచి శిఖరం దాకా కంటికి ఆనుతుంది. మన అనంతగిరి కొండలను అడవి కప్పేస్తుంది కనుక ఆ ఒంపులు మనకు కనిపించవు. ఆ గొర్రెలనూ గమనించండి. హెర్డ్‌విక్ జాతి పిల్లలు నల్లగా పుట్టి, పెరిగేకొద్దీ బూడిద రంగుకు మారతాయి. జూన్‌లో తల్లీపిల్లలు రెండు రంగుల్లో పక్కపక్కనే మేస్తుంటాయి.

దారిలో థర్ల్‌మియర్ సరస్సు వస్తే అమ్మాయికి చూపించండి. మన విశాఖకు తాటిపూడి నీళ్లు వచ్చినట్టే, 1894 నుంచి మాంచెస్టర్‌కు అక్కడి నీళ్లు వెళ్తున్నాయి. సరస్సుకు ఆనకట్ట కట్టి, పంపులతో పని లేకుండా కేవలం వాలు మీద నూట యాభై కిలోమీటర్లు పారించారు.

వాన మాత్రం తప్పదనుకోండి. బారోడేల్‌లోని సీత్‌వెయిట్ పల్లెలో ఏడాదికి 3,000 మిల్లీమీటర్లకు పైగా కురుస్తుంది, అది విశాఖ వర్షపాతానికి దాదాపు మూడింతలు. గొడుగు గాలికి నిలవదు, టోపీ ఉన్న వానకోటు కొనండి. జూన్‌లో రాత్రి తొమ్మిదిన్నర దాకా వెలుతురు ఉంటుంది కనుక మధ్యాహ్నం టూరు తీసుకుంటే పెద్దావిడకు పొద్దున్నే లేచే శ్రమ ఉండదు.

వ్యాను మెట్టు ఎత్తుగా ఉంటుంది, మలుపుల్లో వెనక సీట్లలో కడుపు తిప్పుతుంది. అందుకని బుక్ చేసేటప్పుడే అమ్మగారి వయసు చెప్పి ముందు సీటు అడగండి. మాంచెస్టర్ నుంచి రైలులో లేక్ డిస్ట్రిక్ట్‌లోని విండర్‌మియర్ ఊరు చేరడానికి రెండు గంటలు పడుతుందనుకోండి, కొన్ని రైళ్లకు ఆక్సెన్‌హోమ్ స్టేషన్‌లో మారాలి. టూరు ముగిసే వేళకూ తిరుగు రైలుకూ మధ్య కనీసం గంట వ్యవధి ఉంచుకోండి.